ఖాళీ ప్లేటును నమ్మే ముందు

చిరంజీవి సౌమ్యకు అత్త ఆశీస్సులు.

నీకు డెయిరీ ల్యాబులో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి ఈ ఉత్తరం రాయాలనే ఉంది. తిరుపతి కాలేజీలో చదివినవన్నీ నీకు నాకన్నా బాగా గుర్తుంటాయి, వాటి జోలికి పోను. ముప్ఫై ఏళ్లు సూక్ష్మజీవుల్ని మొలిపించి చూసే ప్లేట్ల ముందు కూర్చున్నదాన్నిగా నేను చెప్పేది ఒక్కటే. ఏమీ మొలవని ప్లేటు చూసి వెంటనే సంతోషపడకు తల్లీ.

నేను చేరిన రెండో ఏడు, ఎండాకాలం. పాలు శుభ్రంగా లేవని చెప్పే కోలిఫారమ్ సూక్ష్మజీవుల కోసం వయొలెట్ రెడ్ బైల్ అగార్ అనే మీడియాను, అంటే వాటిని పెంచే మేతను, ప్లేట్లలో పోసేదాన్ని. వరసగా మూడు రోజులు పాకెట్ పాల ప్లేట్లన్నీ ఖాళీ. రిజిస్టరులో ‘లేవు’ అని రాసి సంతకం పెట్టేశాను. నాలుగో రోజు ఎందుకో అనుమానమొచ్చి, కరిగిన మీడియా గడ్డకట్టకుండా ఉంచే వాటర్ బాత్‌లో వేరే థర్మామీటరు పెడితే 60 డిగ్రీలు దాటింది! అంత వేడి మీడియా పోస్తే పాలల్లో ఉన్నవి కూడా ప్లేటులోనే చచ్చిపోతాయి. ఫ్రిజ్‌లో దాచిన పాకెట్లు మళ్లీ వేస్తే ఒకదాంట్లో ఎర్రగా మొలిచాయి. ఆ పాలు అప్పటికే ఎన్ని ఇళ్లలో పిల్లలు తాగేశారో. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

అందుకే, మీడియా ఫ్లాస్కుల పక్కనే నీళ్లు పోసిన ఇంకో ఫ్లాస్కు పెట్టి, దాంట్లో థర్మామీటరు ఉంచు. 44 నుంచి 47 డిగ్రీల మధ్య ఉంటేనే మీడియాను ప్లేట్లలో పొయ్యాలి. ప్రతి బ్యాచ్‌తోనూ శాంపిల్ వెయ్యని ప్లేటు ఒకటి, కోలిఫారమేనని తెలిసిన ఈ-కోలై వేసిన ప్లేటు ఒకటి పెట్టు. ఇవే కంట్రోల్ ప్లేట్లు. ఆ రెండోదాంట్లో మొలిస్తేనే మిగతా ప్లేట్ల ఖాళీకి అర్థం ఉంటుంది. ఈ అగార్‌ను ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. కరిగేదాకా మరిగించి దించేసి, మూడు గంటల్లోపు వాడెయ్యాలి. గడ్డకట్టాక పైన పల్చగా ఇంకో పొర పోయడం మర్చిపోకు.

24 గంటలయ్యాక ప్లేటును వెలుతురుకి పట్టి చూడు. కోలిఫారమ్ అయితే ముదురు ఊదా ఎరుపు చుక్క (దాన్నే కాలనీ అంటాం), చుట్టూ నీళ్లలో కుంకుమ కలిసినట్టు మసక వలయం ఉంటుంది. పాలల్లోని చక్కెర లాక్టోజ్‌ను తిని అది వదిలిన ఆమ్లానికి మీడియాలోని బైల్ లవణాలు విరిగి అలా పేరుకుంటాయి. పాలకోవా, ఐస్‌క్రీమ్ వేసినప్పుడు మాత్రం ఎరుపును కూడా నమ్మకు. తక్కువ పలచన చేసిన మొదటి డైల్యూషన్‌లో వాటి పంచదార ప్లేటులోకి వచ్చేస్తుంది. లాక్టోజ్ ముట్టని సూక్ష్మజీవి కూడా ఆ పంచదార తిని ఎర్రగా కనిపిస్తుంది. అలాంటి కాలనీని బ్రిలియంట్ గ్రీన్ బైల్ బ్రాత్ అనే ద్రవ మీడియాలో వేసి, అందులో తలకిందులుగా ఉంచిన డర్హమ్ ట్యూబులో గాలి బుడగ చూశాకే లెక్కలో రాయి. కోవా చేసినవాళ్ల మీద తప్పుడు నింద పడకూడదు కదా.

పాలపొడిలో జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆరబెట్టేటప్పుడు తగిలిన వేడికీ, ఆరిపోవడానికీ అది చావకుండా చచ్చినంత పనై ఉంటుంది. తిన్నగా మిగతా సూక్ష్మజీవుల్ని అణిచే కఠినమైన మీడియాలో వేస్తే తట్టుకోలేదు. జ్వరం నుంచి లేచినవాడికి ముందు జావ పెడతాం చూడు, అలాగే 25 గ్రాముల పొడిని 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో 37 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచాలి. పొడిని నీళ్ల మీద మెల్లగా చల్లు, కుదపకు, దానంతటదే నానాలి. ఆ తర్వాతే కఠినమైన మీడియాలు: 41.5 డిగ్రీల దగ్గర రాపపోర్ట్ బ్రాత్, ఆపైన ఎక్స్‌ఎల్‌డీ అగార్. నడుమ నల్లచుక్క ఉన్న ఎర్ర కాలనీ కనిపిస్తే అది అనుమానమే, నిర్ధారణ పరీక్షలు ఇంకా ఉంటాయి. ఏమీ లేదని చెప్పాలన్నా దాదాపు మూడు రోజులు కావాలి. లారీ గేటు దగ్గర నిలబడి ఉందని ఎవరు తొందరపెట్టినా ముందే సంతకం చెయ్యకు. నీ మీద కోప్పడినా ఫర్వాలేదు.

విషం వదిలే స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవికి గుడ్డు సొన, టెల్యూరైట్ కలిపిన బైర్డ్-పార్కర్ మీడియా వాడతావు. నల్లగా మెరిసే కాలనీ, చుట్టూ తేటబడిన వలయం. కానీ ఇక్కడ ఖాళీ ప్లేటు ఇంకో రకంగా మోసం చేస్తుంది. 2000లో జపాన్‌లో ఒసాకా చుట్టుపక్కల పాలు తాగి 13 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. హొక్కైడోలోని పాలపొడి ఫ్యాక్టరీలో మూడు గంటలపాటు కరెంటు పోయి పాలు వెచ్చగా ఉండిపోయాయి. వాటిలో ఈ సూక్ష్మజీవే పెరిగి విషం వదిలింది. తర్వాత కాచిన వేడికి సూక్ష్మజీవి చచ్చింది గానీ విషం చావలేదు. అలాంటి పొడిని ఎన్ని ప్లేట్ల మీద వేసినా ఏమీ మొలవదు. కాబట్టి కరెంటు పోయిన రోజు ప్లాంటులో పాలు ఎంతసేపు, ఎంత వేడిమీద ఆగాయో అడిగి రాసుకో. అనుమానముంటే విషానికి విడిగా పరీక్ష చేయించు.

చూసేసిన ప్లేట్లను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర చంపాకే పారెయ్యాలి. ఆ పని పూర్తిగా హెల్పర్లకి వదిలెయ్యకు, వాటికి అంటించిన టేపు వేడికి రంగు మారిందో లేదో నువ్వే చూడు.

మొదటి వారం కంట్రోల్ ప్లేట్ల ఫోటోలు నాకు వాట్సాప్ చెయ్యి. నీ లెక్కతో పాటు నేనూ లెక్కపెడతాను.

మీ అత్త