మూత్రం మందు మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 71. మాది తాడిపత్రి దగ్గర పల్లె. ప్రొస్టేట్ పెరిగిందని ఆరేళ్ల కిందట టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన క్యాప్సూల్ రాశారు. అప్పట్లో రాత్రికి ఐదుసార్లు లేచేవాణ్ణి, ఇప్పుడు ఒక్కసారే. అనంతపురం బస్సులో నిశ్చింతగా కూర్చుంటున్నాను. పొద్దున లేచి నిలబడితే మాత్రం కళ్లు తిరుగుతున్నాయి. బాగైనాక ఇంకా మింగడం ఎందుకని మా అబ్బాయి అంటున్నాడు. వచ్చే నెల కంటికి శుక్లాల ఆపరేషన్ కూడా ఉంది. మానేయవచ్చా?

జవాబు: మీ అబ్బాయి మాటలో న్యాయం ఉంది, వయసు పైబడేకొద్దీ చీటీలో మందులు చేరడమే గాని తీసేయడం అరుదు. అయితే మీరు మింగే ఆ ఒక్క క్యాప్సూల్‌లో ఉన్నవి రెండు మందులు. టామ్సులోసిన్ ప్రొస్టేట్‌లోనూ మూత్రాశయం మెడ దగ్గరా ఉన్న కండరాన్ని సడలిస్తుందే తప్ప గ్రంథిని తగ్గించదు కనుక, అది మానితే తేడా కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. డ్యూటాస్టెరైడ్ గ్రంథినే కుదిస్తుంది. ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది కాబట్టి, మానిన తొలి వారాల్లో ఏ ఇబ్బందీ లేదని ధైర్యపడడం తొందరపాటే.

కళ్లు తిరగడానికి టామ్సులోసిన్ కారణం కావచ్చు, బీపీ మాత్రలు కూడా వాడుతుంటే మరీను. అందువల్ల తీసేసి చూడదగినది ముందు అదే. రెండూ ఆరు నెలలు వాడి టామ్సులోసిన్ ఒక్కటి ఆపి చూసిన ఒక పరిశోధనలో, మొదట్లో బాధ మధ్యస్థంగా ఉన్నవారిలో సుమారు ఆరింట ఐదు వంతుల మందికి ఇబ్బంది పెరగలేదు. బాధ తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం చాలామందికి తిరగబెట్టింది. ఐదుసార్లు లేచిన మీరు ఏ కోవలోకి వస్తారో యూరాలజిస్టు మాత్రమే చెప్పగలరు. మూత్రం పోసిన వెంటనే స్కానింగ్ చేసి లోపల ఎంత మిగిలిందో చూసి, డ్యూటాస్టెరైడ్ ఒక్కటే ఉన్న మందుకు మార్చి, కొన్ని వారాల తరువాత మళ్లీ చూస్తారు. ఎప్పుడైనా మూత్రం బిగిసి గొట్టం వేయించుకుని ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఆపిన రోజుల్లో జలుబు మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, వాటితోనే మూత్రం బిగిసిపోవచ్చు. అలా బిగిస్తే బార్లీ నీళ్లు తాగుతూ తెల్లవారేదాకా కూర్చోకుండా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కన్ను. టామ్సులోసిన్ వాడినవారికి ఆపరేషన్‌లో కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై అడ్డుపడవచ్చు. కొద్ది రోజుల ముందు మానినంత మాత్రాన ఆ ప్రభావం పోతుందన్న భరోసా లేదు. ముందుగా తెలిస్తే సర్జన్ జాగ్రత్త పడతారు గనుక, ఖాళీ అయిన మందు అట్ట ఒకటి వెంట తీసుకెళ్లి చూపించండి.