ఆవకాయ సీసా మీద ఏమి రాయాలి?

ప్రశ్న: మాది తణుకు. కొన్నేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, కందిపొడి, సున్నుండలు చేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. ఈ మధ్య మా ఊరి సూపర్ మార్కెట్ యజమాని తన దుకాణంలో పెడతానన్నారు కానీ, లైసెన్సు నంబరు, లేబులు లేనిదే తీసుకోనన్నారు. ఇంటి వంటకు లైసెన్సు ఏమిటని మావారు నవ్వుతున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా అక్కయ్య అపార్ట్‌మెంట్ నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు తినే వంటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే వంటకు డబ్బు తీసుకుంటే వ్యాపారం. వంటగది ఇంట్లో ఉందా, ఫ్యాక్టరీలో ఉందా అన్న తేడా 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టానికి లేదు. మీవారికి ఈ రెండు ముక్కలూ చదివి వినిపించండి.

మీ స్థాయికి లైసెన్సు కూడా అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఏడాది అమ్మకాలు 12 లక్షల రూపాయలు మించని చిన్న తయారీదారులకు 2011 నాటి నిబంధనలు ఈ సులువు దారి చూపించాయి. ఈ చట్టాన్ని అమలుచేసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫాస్కాస్ అనే వెబ్ పోర్టల్‌లో ఫారం-ఎ నింపి ఫొటో, గుర్తింపు పత్రం జతచేయాలి. ఆ నిబంధనల్లో పెట్టిన రుసుము ఏడాదికి వంద రూపాయలు. దీనికి వేలు అడిగే మధ్యవర్తులు మీ ఊళ్లోనూ ఉంటారు, వాళ్ల గడప తొక్కకండి. పని పూర్తయితే 14 అంకెల నంబరు వస్తుంది. ఆహార భద్రత అధికారి ఇంటికి రావచ్చు, కంగారుపడకండి. నేను ఆ ఉద్యోగం చేసిన రోజుల్లో గట్టు మీద గ్రానైటు ఉందా అని ఎన్నడూ చూడలేదు. నీళ్లు ఎక్కడివి, చెత్తబుట్టకు మూత ఉందా అని అడిగి, పిండి డబ్బాలు పక్కకు జరిపి వెనక గోడ చూసేదాన్ని. బల్లులూ బొద్దింకలూ ఉంటే అక్కడే దొరికిపోతాయి.

ఇక లేబులు. అందరూ తడబడేది ఇక్కడే. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ తప్పక ఉండాలి, తెలుగు వాటికి అదనం. ఇది నాకూ నచ్చదు, కానీ నిబంధన అదే. పదార్థం పేరు, మీ పేరు, చిరునామా, నికర బరువు, ధర, చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో మీ నంబరు, పోషకాల పట్టిక ఉండాలి. దినుసులను బరువులో ఎక్కువది ముందు, తక్కువది చివర వచ్చేలా రాయాలి. ఆవకాయకు ‘నూనె’ అంటే చాలదు, నువ్వుల నూనె అని చెప్పాలి. సున్నుండల్లో నెయ్యి ఉంది కనుక ‘పాలు ఉన్నాయి’ అని అలర్జీ హెచ్చరిక వేయాలి. కందిపొడిలో ఇంగువ వేస్తారా? డబ్బా తిప్పి చదవండి. మార్కెట్లో దొరికే ఇంగువ పొడిలో చాలాసార్లు గోధుమపిండి కలిపి ఉంటుంది. కలిపి ఉంటే చిటికెడు వేసినా గోధుమ పేరు మీ లేబులు మీదకు రావాల్సిందే.

తయారీ లేదా ప్యాకింగ్ తేదీతో పాటు గడువు తేదీ కూడా వేయాలి, ‘ఆరు నెలలు బాగుంటుంది’ అన్న మాట ఒక్కటే సరిపోదు. గడువు ఊహించి రాయకండి. ప్రతిసారీ ఒక సీసా మీ దగ్గరే అట్టిపెట్టి గమనించండి, వీలైతే ల్యాబులో పరీక్ష చేయించండి. సున్నుండలకు ఆవకాయంత ఆయుష్షు ఉండదు, నెయ్యి కమురు వాసన కొడుతుంది.

బ్యాచ్ నంబరును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వేసవిలో మీరు పెట్టేది ఒక్క జాడీ కాదు కదా. జాడీకో గుర్తు పెట్టి, అదే సీసా మీద వేసి, ఏ జాడీలోని సీసాలు ఎవరికి వెళ్లాయో నోటు పుస్తకంలో రాసుకోండి. బూజు పట్టిందని రేపు ఎవరైనా ఫోను చేస్తే ఆ జాడీ సీసాలు మాత్రమే వెనక్కి తెప్పించుకుంటారు. గుర్తు లేకపోతే ఆ ఏటి సరుకంతా అనుమానంలో పడుతుంది. లేబులు తప్పుంటే చట్టప్రకారం జరిమానా మూడు లక్షల వరకు ఉండవచ్చు.

తూనికలు, కొలతల శాఖలో కూడా ప్యాకర్‌గా నమోదు కావాలి. అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు వారి నిబంధనలే. అమ్మకానికి తూచే కాటాకు ఆ శాఖ ముద్ర ఉండాలి, ఆన్‌లైన్‌లో కొన్న వంటింటి కాటా పనికిరాదు.

అక్కయ్యగారి ఆర్డర్ల దగ్గర ఒక మెలిక ఉంది. 2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ మీకు పొరుగు రాష్ట్రం. పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. అది అయ్యేదాకా మీ ఊరి దుకాణంతో సరిపెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మ చేసే కాకరకాయ కారం ప్యాకెట్ మీద ‘షుగరు తగ్గిస్తుంది’, ‘డాక్టర్లు సిఫారసు చేసినది’ అని వేయవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండూ వద్దు బాబూ. జబ్బు నయం చేస్తుందని ఆహారం మీద రాయడం, వైద్యుల సిఫారసు అని చెప్పుకోవడం 2018 నాటి ప్రకటనల నిబంధనలకు విరుద్ధం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా పది లక్షల దాకా వెళ్తుంది. ఆ చోటును ఇంకో పనికి వాడండి. కారంలో వెల్లుల్లి వేశారో లేదో ముందువైపే పెద్ద అక్షరాలతో రాయండి. దుకాణంలో ప్యాకెట్ చేతిలోకి తీసుకున్న సగంమంది అడిగేది అదే.