శనివారం రాత్రి బయటికి పోయే అల్లుడికి

అల్లుడూ,

శనివారం పొద్దు గుంకితే నీకూ నీ జతగాళ్ళకూ ఇంట్లో కాలు నిలవడం లేదని మీ అమ్మ చెప్పింది. కడపలో మన పుట్లంపల్లి వైపు కొత్త కాలనీల్లో తొమ్మిది దాటితే వీధులన్నీ సద్దుమణుగుతాయి. పదిహేడేళ్ళ వయసుకు ఆ నిశ్శబ్దం ఎంత విసుగో నాకు తెలుసు. అందుకే పోవద్దని అనను. యాడికి పోవాలో అనుకోకుండా మాత్రం పోవద్దు.

ఏడు రోడ్ల దాకా పోయి టీ తాగొద్దామనే మొదలవుతుంది. టీ అయ్యాక ఏం చెయ్యాలో తోచదు. అప్పుడు ఒకడు "బైపాస్ మీద చూసుకుందామా?" అంటాడు. చేరాల్సిన చోటు లేనప్పుడు మిగిలేది స్పీడొక్కటే కదా. ఆర్టీసీలో నైట్ సర్వీసులు నడిపినవాణ్ణి, ఆ రోడ్డు సంగతి చెబుతా విను. ఎదురుగా లారీ ఫుల్ లైటు కొడితే, అది దాటిపోయాక కూడా కాసేపు ఏమీ కనపడదు. అరవైలో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఆ చీకట్లోనే వెనక లైటు లేని ట్రాక్టర్ ఉంటుంది, తారు వెచ్చగా ఉందని రోడ్డు మీద పడుకున్న బర్రె ఉంటుంది. కన్ను చూస్తేనే కదా కాలు బ్రేకు మీదికి పోయేది! ముగ్గురెక్కిన బండిని ఆ క్షణాన పక్కకు తిప్పడం ఎవరి వల్లా కాదు.

పైగా బండి మీ నాన్న పేరున ఉంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం 18 నిండనివాడు బండి నడిపి కేసయితే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. నీకు 25 ఏళ్ళొచ్చేదాకా లైసెన్సు రాదు.

మంచి చోటు కావాలంటే గండికోట ఉంది. శనివారం మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సెక్కితే, అక్కడినుంచి కోట 15 కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు. రాత్రికి టూరిజం వాళ్ళ హరిత హోటల్లో పడుకోవాలి. చీకట్లో లోయ జోలికి పోవద్దు. అంచు వెంట చాలా చోట్ల అడ్డేమీ ఉండదు, బండల మధ్య నెర్రెలుంటాయి. తెల్లవారుజామున లేచి, టార్చి పట్టుకుని, మసీదు పక్కగా నడిచి అంచుకు నాలుగడుగులు ఇవతలే కూర్చోండి. మొదట అంతా నల్లగా ఉంటుంది. వెలుతురు వచ్చేకొద్దీ ఎర్రటి బండలు పైనుంచి కిందికి ఒక్కో వరసే తేలుతూ, చివరికి అడుగున పెన్న కనపడుతుంది. బైపాస్ మీద బండి ఎగరేస్తే వచ్చే గుబులు అక్కడ ఊరికే కూర్చుంటేనే వస్తుంది. ఫోటో కోసం వెనక్కి మాత్రం నడవొద్దు. ఎండాకాలం అసలు వద్దు, పొద్దున తొమ్మిదికే బండలు కాలుతాయి.

ఇంకో మాట. దారిలో ఎవరైనా పడి ఉంటే భయపడి తప్పుకోకండి, 108కి ఫోన్ చెయ్యండి. సాయం చేసినవాణ్ణి పేరు చెప్పమని పోలీసులు బలవంతం చెయ్యకూడదని చట్టంలోనే ఉంది. మీలో ఒకడు పడినా అంతే, ఎంత రాత్రయినా నాకు చెప్పండి, తిట్టను.

పెద్దవాళ్ళు లేకుండా మీకు గది ఇవ్వరు కాబట్టి నేనూ వస్తా. మీ మాటల్లో తల దూర్చను, పక్క గదిలో పడుకుంటా. ఎవరెవరు వస్తారో వాళ్ళ ఇళ్ళల్లో అడిగి, బుధవారంలోగా ఫోన్ చెయ్యి. గదులు ముందే చెప్పి పెట్టాలి.

మీ మామ