ఒకే పాకలో ఒకటి లేచింది, ఇంకొకటి పోయింది: ఎందుకు?

ప్రశ్న: మా మందకు గాలికుంటు వచ్చింది. పెద్ద ఆవులన్నీ కోలుకున్నాయి, కానీ పాలు తాగే రెండు దూడలు నోట్లో పుండ్లు కూడా లేకుండా ఉన్నట్టుండి చనిపోయాయి. ఆ తర్వాత ఒక గేదెకు గొంతువాపు వచ్చింది. గొంతు వాచింది అనగానే ఇంజెక్షన్ చేయించాం, అయినా మర్నాటికే పోయింది. నాలుగో ఈత ఈనిన ఆవు పడిపోతే మాత్రం కాల్షియం ఎక్కించగానే లేచింది. డాక్టరు ఒకరే, పాక ఒకటే. మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా? ఏది బతుకుతుందో ముందే తెలుస్తుందా?

జవాబు: మూడూ మూడు వేరు వేరు జబ్బులు. ఒక్కోదానిలో పశువు ప్రాణం ఒక్కో విషయం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే డాక్టరు వచ్చినప్పుడు జబ్బు పేరు అడిగి ఊరుకోకుండా, 'ఇందులో దేన్నిబట్టి బతుకుతుంది?' అని కూడా అడగండి.

గాలికుంటులో వయసే కీలకం. పెద్ద పశువుల్లో వైరస్ నోటిని, గిట్టల మధ్య చర్మాన్ని, పొదుగును పట్టుకుంటుంది. బాధ పెడుతుంది, పాలు తగ్గిస్తుంది కానీ చంపడం తక్కువ. పాలు తాగే దూడల్లో అదే వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. పుండ్లు పడేలోపే గుండె ఆగిపోతుంది కాబట్టి మీకు పైకి ఏమీ కనిపించలేదు. ఆ దశలో ఇచ్చే మందు లేదు. జబ్బు పడ్డ తల్లి నుంచి దూడను వెంటనే వేరు చేయడం, పాలు కాచి చల్లార్చి పట్టడం, దూడను పరుగెత్తించకుండా ఉంచడం: చేయగలిగింది ఇంతే. తల్లికి వేళకు టీకా వేయించి ఉంటే, పుట్టగానే తాగిన జున్నుపాల ద్వారా దూడకు కొంత రక్షణ వస్తుంది. ఆ జున్నుపాలు కూడా మొదటి ఒకటి రెండు గంటల్లో తాగితేనే పూర్తి ఫలితం. ఒక రోజు గడిస్తే దూడ పేగులు ఆ రక్షణను రక్తంలోకి తీసుకోలేవు. మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదనే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. దయచేసి మానండి.

గొంతువాపులో లెక్క గంటల్లోనే. ఆవుల కంటే గేదెలకు ఇది తీవ్రంగా వస్తుంది. మొదట జ్వరం ఒక్కటే ఉంటుంది. ఆ సమయంలో యాంటీబయాటిక్ పడితే బతికే అవకాశం బాగానే ఉంటుంది. గొంతు వాచి, గురక పెడుతూ ఊపిరి కష్టంగా తీసుకునే సరికి సూక్ష్మజీవులు రక్తమంతా పాకి ఉంటాయి. అప్పుడు ఎంత మంచి మందు ఇచ్చినా చాలాసార్లు దక్కదు. మీరు వాపు చూడగానే ఇంజెక్షన్ చేయించారు, అందులో నిర్లక్ష్యం ఏమీ లేదు. కాకపోతే ఈ జబ్బులో వాపు కనిపించడమే ఆలస్యం. అందుకే ఒక థర్మామీటరు కొనుక్కోండి. మందలో ఒక్కదానికి గొంతువాపు వస్తే మిగతావాటికి రోజూ రెండు పూటలా ఉష్ణోగ్రత చూడండి. 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 104 చేరితే వాపు కోసం ఎదురు చూడకుండా డాక్టరును పిలవండి. టీకా వానలకు ముందే వేయించాలి.

ఇక మీ ఆవుకు వచ్చింది పాలజ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు చల్లగానే ఉంటుంది. ఈనగానే కాల్షియం ఒక్కసారిగా పాలల్లోకి పోతుంది, ముదురు ఈతల్లో ఎముకల నుంచి అంత త్వరగా అందదు. ఆ లోటు తీరితే పశువు లేస్తుంది, కాబట్టే మీకు అద్భుతంలా అనిపించింది. ఇక్కడా ఆలస్యం చెడ్డదే, కానీ కారణం వేరు. చాలా గంటలు ఒకే వైపు పడి ఉంటే సొంత బరువుకే తొడ కండరాలు, నరాలు నలిగిపోతాయి. తర్వాత ఎంత కాల్షియం ఎక్కించినా లేవలేదు. డాక్టరు వచ్చేలోపు మెత్తగా గడ్డి పరిచి, రొమ్ము మీద కూర్చోబెట్టి, మధ్యమధ్య పక్క మార్చండి. నరానికి కాల్షియం మాత్రం మీరే ఎక్కించకండి, వేగం ఎక్కువైతే గుండె ఆగుతుంది. ఈ ఆవుకు వచ్చే ఈతలోనూ ఇది రావచ్చు. చూడి చివరి నెలలోనే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

బలంగా ఉన్న పశువు దేన్నైనా తట్టుకుంటుందని మనవాళ్ల నమ్మకం. చాలా జబ్బుల్లో నిజమే. జబ్బవాపు (భుజం, తొడ కండరాలు వాచే జబ్బు) మాత్రం బాగా మేసి కండపట్టిన పడ్డలనే ఎక్కువగా తీసుకుపోతుంది, గొర్రెల్లో పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే చిటుక రోగమూ అంతే. జాతి కూడా లెక్కలోకి వస్తుంది: పిడుదుల వల్ల వచ్చే థైలేరియాను నాటు పశువులు తట్టుకున్నంతగా సంకరజాతివి తట్టుకోలేవు. రేబిస్ లక్షణాలు కనిపించాక మాత్రం వయసు, బలం, వైద్యం, ఏదీ పనిచేయదు.

ముందే తెలుస్తుందా అన్నారు. కచ్చితంగా చెప్పలేం కానీ గుర్తులున్నాయి. నెమరు వేయడం మళ్లీ మొదలుపెట్టడం, నీళ్లు తాగడం, తనంతట తాను లేవాలని చూడడం మంచివి. బాగా జబ్బుపడ్డ పశువుకు మేత ముట్టకుండానే జ్వరం దిగి, చెవులు చల్లబడితే తగ్గిందని సంబరపడకండి. అది తరచూ చెడు సూచనే.

గాలికుంటు నుంచి కోలుకున్న ఆవులను కొన్ని నెలలు గమనించండి. కొన్ని ఎండకు తట్టుకోలేక రొప్పుతాయి, వెంట్రుకలు దట్టంగా పెరుగుతాయి, పాలు మునుపటిలా ఇవ్వవు. అలాంటివాటిని నీడలోనే ఉంచండి. ఎదకు వస్తే కట్టించే ముందు డాక్టరుకు ఒకసారి చూపించండి.