బల్గేరియా ఫుట్‌బాల్ స్టార్ హ్రిస్టో స్టోయిచ్‌కోవ్ ఆటగాడిగా అంత గొప్పవాడు కదా, కోచ్‌గా ఎందుకు రాణించలేకపోయాడు?

"అదే బార్సిలోనా జట్టులో, అదే కోచ్ యోహాన్ క్రైఫ్ కింద ఆడిన గార్డియోలా అంత పెద్ద కోచ్ అయ్యాడు కదా" అని కూడా ఈ ప్రశ్న వేసినవారే అడిగారు. నాకు తోచింది ఇది: స్టోయిచ్‌కోవ్ ఆట సగం కోపం మీదే నడిచేది. ఆటగాడికైతే ఆ కోపం తీర్చుకోవడానికి ఎడమ కాలుంది. కోచ్‌కి నోరు తప్ప ఏముంది?

1985లో బల్గేరియన్ కప్ ఫైనల్ కొట్లాటగా మారితే, పందొమ్మిదేళ్ల ఈ కుర్రాడికి జీవితకాల నిషేధం వేశారు. తర్వాత తగ్గించారు లెండి. 1990లో బార్సిలోనాలో చేరిన కొన్ని నెలలకే రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్‌లో రిఫరీ కాలు తొక్కి మళ్లీ సస్పెండయ్యాడు. అయినా క్రైఫ్ వదులుకోలేదు. ఎలా వదులుకుంటాడు? అంతకుముందు ఏడాది, యూరప్‌లో దేశవాళీ కప్పులు గెలిచిన క్లబ్బులు ఆడే కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్లో, బార్సిలోనా మీద అప్పటి తన క్లబ్బు సీఎస్‌కేఏ సోఫియా చేసిన మూడు గోల్సూ స్టోయిచ్‌కోవ్‌వే. 1989-90 సీజన్లో 30 లీగ్ మ్యాచుల్లో 38 గోల్స్ కొట్టి, యూరప్ లీగుల్లో టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ షూని రియల్ మాడ్రిడ్ ఆటగాడు హ్యూగో సాంచెజ్‌తో కలిసి పంచుకున్నాడు.

1994 వరల్డ్ కప్‌లో బల్గేరియా-జర్మనీ క్వార్టర్ ఫైనల్ నేను టీవీలో చూశాను. మనకి రాత్రి పూట వచ్చింది. పెనాల్టీతో మత్తాయస్ జర్మనీకి ఆధిక్యం ఇవ్వగానే మా ఇంట్లో సగం మంది ఇక అయిపోయిందని లేచి వెళ్లిపోయారు. 75వ నిమిషంలో స్టోయిచ్‌కోవ్ ఫ్రీకిక్ అడ్డంగా నిలబడ్డ ఆటగాళ్ల గోడ మీదుగా వంగి లోపలికి పడింది. మూడు నిమిషాల తర్వాత సహచరుడు లెచ్‌కోవ్ ముందుకు దూకి హెడర్. డిఫెండింగ్ చాంపియన్ ఇంటికి! అంతకు ముందు ఐదు వరల్డ్ కప్పులాడి ఒక్క మ్యాచ్ కూడా గెలవని దేశం ఆ ఏడాది నాలుగో స్థానంలో నిలిచింది. ఆరు గోల్స్‌తో స్టోయిచ్‌కోవ్ రష్యా ఆటగాడు సాలెంకోతో పాటు టాప్ స్కోరర్, ఆపైన ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డు బాలన్ డోర్.

ఆ జట్టు కోచ్ దిమితర్ పెనెవ్‌ని మాత్రం ఎవరూ తలుచుకోరు. ఆయనా ఒకప్పుడు సీఎస్‌కేఏ డిఫెండరే, మూడు వరల్డ్ కప్పులకి వెళ్లినవాడు. సోఫియాలో స్టోయిచ్‌కోవ్‌కి కోచ్‌గా ఉన్నదీ ఆయనే. అంత ముక్కోపిని ఎలా వాడుకోవాలో ఆయనకి తెలుసు.

తర్వాత కథ త్వరగా చెప్పేయొచ్చు. 2004లో బల్గేరియా జట్టు పగ్గాలు స్టోయిచ్‌కోవ్‌కిచ్చారు. 2006 వరల్డ్ కప్‌కి అర్హత దక్కలేదు. ఆయనతో పడక స్టిలియన్ పెట్రోవ్ లాంటి కెప్టెనే కొంతకాలం జాతీయ జట్టుకు దూరంగా ఉన్నాడు. 2007 ఏప్రిల్లో రాజీనామా చేసి స్పెయిన్‌లో సెల్టా విగోకి వెళ్తే ఆ జట్టు రెండో డివిజన్‌కి పడిపోయింది, అక్టోబర్ కల్లా ఉద్యోగమూ పోయింది. దక్షిణాఫ్రికాలో మామెలోడి సన్‌డౌన్స్ క్లబ్బుతో ఒక్క సీజన్, 2012 నుంచి బల్గేరియాలో లిటెక్స్ లోవెచ్ క్లబ్బుతో కొంతకాలం. 2013లో సొంత క్లబ్బు సీఎస్‌కేఏకి తిరిగొచ్చి నెల తిరక్కుండానే బయటికి.

నేను సికింద్రాబాద్‌లో కాలేజీ జట్టుకి లెఫ్ట్ వింగ్ ఆడే రోజుల్లో ఇలాంటి కోచ్ ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పను, ఆటలో మాత్రం రాక్షసుడు. ఫ్రీకిక్‌కి బంతి పెట్టి, రెండడుగులు వెనక్కేసి, గోల్ పై మూలకి కొట్టేవాడు. "ఇంతే కదరా, ఇందులో ఏముంది?" అని మా వైపు చూసేవాడు. మా బంతులేమో గోడ దాటి రోడ్డు మీద పడేవి. ఇక తిట్లు. ఆయన మంచివాడే, కానీ తనకి ఎలా వస్తుందో ఆయనకే తెలియదు. తర్వాతి ఏడు వచ్చిన సార్ ఆటగాడిగా మామూలే. మోకాళ్ల మీద కూర్చుని, మా కుడి పాదాన్ని చేత్తో పట్టుకుని బంతి పక్కన ఎక్కడ ఆనాలో జరిపి చూపించేవాడు. నాకు ఫ్రీకిక్ వచ్చింది ఆయన దగ్గరే.

భారత ఫుట్‌బాల్ కోచ్, మన హైదరాబాదీ రహీం సాబ్ సంగతే చూడండి. ఆయన బడిపంతులు, ఆటగాడిగా పెద్ద పేరున్నవాడు కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని సెమీస్ దాకా తీసుకెళ్లాడు, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించాడు. మెల్‌బోర్న్‌లో కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో 3-0తో మనల్ని ఓడించింది ఎవరనుకున్నారు? బల్గేరియానే!

అంటే స్టార్లెవరూ కోచ్‌లు కాలేరని కాదు. క్రైఫ్‌ని మించిన స్టార్ ఎవరు? కానీ ఆయన ఆడేటప్పుడే ఎవరు ఎక్కడ నిలబడాలో చేతులు చాపి చెప్పేవాడు. గార్డియోలా పని మిడ్‌ఫీల్డ్‌లో బంతి ఎవరికి చేర్చాలో చూసుకోవడం. వాళ్లిద్దరికీ కోచింగ్ అలవాటు మైదానంలోనే పడింది. స్టోయిచ్‌కోవ్ పని వేరు: బంతి వస్తే గోల్ వైపు పరిగెత్తడం, రాకపోతే ఇచ్చేవాడి మీద అరవడం.

కోచింగ్ వదిలాక ఆయన అమెరికాలో స్పానిష్ టీవీ చానల్లో ఫుట్‌బాల్ విశ్లేషకుడయ్యాడు. నోటికి అడ్డుండదు కాబట్టి జనం ఇష్టంగానే వింటారు.