టెక్ సందేహాలు: మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంట్లో ‘కరెంట్’ పెట్టుకోవచ్చా?

మోకాలి కీలు మార్పిడి అయిన వాళ్ల ఇళ్ల నుంచి ఈ మధ్య ఒకే రకం ప్రశ్నలు వస్తున్నాయి. ఫిజియోథెరపిస్టు పెట్టే ‘కరెంట్’ మెషీన్ మనమే కొనుక్కోవచ్చా, కొంటే ఏది కొనాలి అని. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాలు పక్కన పెట్టి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

మా అత్తమ్మకు హనుమకొండలో కుడి మోకాలు మార్పించాం. ఇంటికొచ్చి రెండు వారాలైంది. ఫిజియో కోసం రోజూ అక్కడిదాకా తీసుకెళ్లలేక ఆన్‌లైన్‌లో మెషీన్ తెప్పించాం. తొడకు ప్యాడ్లు పెడితే చీమలు పాకినట్టు అనిపిస్తోందట, అంతే. కండరం మాత్రం కదలడం లేదు. మెషీన్ పాడైందా? – ఒక పాఠకురాలు, పరకాల

పాడై ఉండకపోవచ్చు. డబ్బా మీద ‘టెన్స్’ అని ఉందేమో చూడండి. టెన్స్ నొప్పి తగ్గించడానికి పెట్టేది. చర్మం కింది స్పర్శ నరాలను తట్టి, నొప్పి కొంత తెలియకుండా చేస్తుంది. దానితో చిమచిమ అనిపించడమే సరైన పని. మీ అత్తమ్మకు ఫిజియో పెట్టింది బహుశా ‘ఎన్ఎంఈఎస్’. దుకాణాల్లో దాన్నే ‘ఈఎంఎస్’ అని అమ్ముతారు. దాని పని కండరాన్ని గట్టిగా బిగించి వదలడం. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, అవే ప్యాడ్లు, అవే వైర్లు. అందుకే ఇంతమంది పొరబడుతున్నారు. రెండు పనులూ చేసే మెషీన్లు కూడా ఉన్నాయి కాబట్టి ముందు మోడ్ బటన్ నొక్కి చూడండి.

ఆ బిగింపు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ఆపరేషన్ అయిన మొదటి నెలలో తొడ ముందు కండరం, అంటే క్వాడ్రిసెప్స్, అంతకుముందున్న బలంలో సగానికి పైగా కోల్పోతుంది. కండరం సన్నబడటం ఒక్కటే దీనికి కారణం కాదు. కీలులో వాపు, దెబ్బ వల్ల నరాల వ్యవస్థ ఆ కండరానికి పోయే ఆదేశాన్ని తగ్గించేస్తుంది. చెరువు నిండా నీళ్లున్నా తూము మూస్తే పొలానికి చేరవు కదా, అట్లాంటిదే. మనిషి ఎంత ప్రయత్నించినా కండరం పూర్తిగా బిగుసుకోదు. మెట్లెక్కేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు కాలు వణికేది అందుకే. ఎన్ఎంఈఎస్ కరెంట్ తొడలోని నరాన్ని నేరుగా తట్టి కండరాన్ని బిగిస్తుంది, మెదడు నుంచి ఆదేశం పూర్తిగా రాకపోయినా సరే.

ఇది ఎంతవరకు పని చేస్తుందన్న దానిపై అమెరికాలో మంచి పరిశోధనలు జరిగాయి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో 66 మంది పాల్గొన్నారు. కరెంట్ పెట్టిన వాళ్లకు ఆపరేషనైన 48 గంటలకే మొదలుపెట్టి 6 వారాలపాటు, రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 15 బిగింపుల చొప్పున ఇచ్చారు. మామూలు ఫిజియో మాత్రమే చేసిన వాళ్లకంటే వీళ్ల తొడ బలం, నడక, మెట్లెక్కడం త్వరగా మెరుగయ్యాయి. ఏడాది తర్వాత తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అంతకుముందు 2009లో 200 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో ఆపరేషనైన 3, 4 వారాలకు మొదలుపెట్టి, అందరితో గట్టి వ్యాయామాలు చేయించారు. అక్కడ కరెంట్ కలిపిన వాళ్లకు అదనపు లాభం కనిపించలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: కరెంట్ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు, వ్యాయామం బాగా చేస్తున్న మనిషికి దాని అవసరం తక్కువ. అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘం 2020 మార్గదర్శకాల్లో కూడా మోకాలి మార్పిడి తర్వాత ఎన్ఎంఈఎస్ వాడమనే ఉంది.

రెండు వారాలంటే ఆలస్యమేమీ కాలేదు. మెషీన్ పట్టుకుని ఒక్కసారి ఫిజియో దగ్గరికి వెళ్లండి. ఆ 2012 అధ్యయనంలో పెట్టిన సెట్టింగులు ఇవి: 50 హెర్ట్జ్ (అంటే సెకనుకు 50 పల్సులు, కరెంట్ చిన్న తట్లు), పల్స్ వెడల్పు (ఒక్కో తట్టు ఉండే సమయం) 250 మైక్రోసెకన్లు, 15 సెకన్లు బిగింపు, 45 సెకన్లు విశ్రాంతి. కరెంట్ ఒక్కసారిగా గుచ్చుకోకుండా మొదటి 3 సెకన్లలో మెల్లగా పెరుగుతుంది. విశ్రాంతి టైమ్ తగ్గించొద్దు. కరెంట్‌తో బిగిస్తే కండరం త్వరగా అలసిపోతుంది. ఈ టైమ్‌లు మార్చుకునే వీలు మీ మెషీన్‌లో లేకపోతే, తిరిగి ఇచ్చేసి ఆ వీలున్నది తీసుకోవడమే మంచిది.

ప్యాడ్ల విషయంలో చాలామంది మోసపోతారు. మెషీన్‌తో వచ్చే చిన్న చదరపు ప్యాడ్లు తొడకు సరిపోవు. కరెంటంతా కొంచెం చోటులోనే దిగి చర్మం మండుతుంది, ఆ మంటకు భయపడి డయల్ తగ్గించేస్తారు, కండరం బిగుసుకోదు. పెద్ద ప్యాడ్లు విడిగా దొరుకుతాయి, అవి కొనండి. ఒకటి తొడ పైభాగంలో బయటివైపు, ఇంకోటి మోకాలి చిప్పకు పైన లోపలివైపు పెడతారు. సరిగ్గా ఎక్కడో ఫిజియోతో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. కుట్లకు, గాయానికి దూరంగా ఉండాలి. ఓర్చుకోగలిగినంత వరకు కరెంట్ పెంచాలి. బిగింపు ఎంత గట్టిగా ఉంటే బలం అంత బాగా వస్తుందని అదే పరిశోధకుల లెక్కల్లో తేలింది. మొదటి రోజే ఆ స్థాయికి పోనక్కరలేదు, అత్తమ్మకు టెన్షన్ పోయేదాకా కొంచెం కొంచెంగా పెంచండి. బిగింపు వచ్చినప్పుడు ఆమెను కూడా సొంతంగా తొడ బిగించమనండి. ఎండాకాలం చెమటకు ప్యాడ్లు ఊడుతుంటే తొడను తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాక అంటించండి. అయినా పట్టకపోతే కొత్తవి మార్చాల్సిందే, సగం అంటిన ప్యాడ్ చర్మాన్ని కాలుస్తుంది.

మోకాల్లో లోహం వేశారు కదా, కరెంట్ పెడితే అది వేడెక్కదా? – జమ్మికుంట

ఎన్ఎంఈఎస్‌లో పోయేది చాలా చిన్న చిన్న పల్సులు. అవి కోబాల్ట్ క్రోమియం కీలును వేడెక్కించవు, పైన చెప్పిన అధ్యయనాల్లో ఉన్న వాళ్లందరికీ లోహపు కీళ్లే. భయపడాల్సింది వేరే మెషీన్‌కు. ఫిజియో సెంటర్లలో ‘షార్ట్‌వేవ్ డయాథెర్మీ’ అని లోతుగా వేడి పెట్టేది ఒకటుంటుంది. అది 27.12 మెగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది, లోహం ఉన్నచోట పెట్టకూడదు. ఏ సెంటర్‌కు పోయినా ముందే “నాకు కీలు మార్పిడి అయింది” అని చెప్పండి.

మా బాపుకు గుండెలో పేస్‌మేకర్ ఉంది. అమ్మకు తెచ్చిన మెషీన్ ఆయన కూడా నడుముకు వాడతానంటున్నాడు. – మంచిర్యాల

వద్దని చెప్పండి. మెషీన్ పల్సులను పేస్‌మేకర్ గుండె చప్పుడుగా పొరబడొచ్చు. కార్డియాలజిస్టు ఒప్పుకోకుండా టెన్స్ కూడా పెట్టొద్దు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు కూడా డాక్టరును అడగకుండా వాడకూడదు. ఆపరేషనైన కాలు పిక్క దగ్గర కొత్తగా వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు మెషీన్ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

బ్లూటూత్ ఈఎంఎస్ కొన్నాం. యాప్ లొకేషన్, కాంటాక్టులు, మైక్ అన్నీ అడుగుతోంది. ఇవ్వాలా? – కాజీపేట

లొకేషన్ అడగడానికి పాత ఫోన్లలో ఒక కారణం ఉంది. ఆండ్రాయిడ్ 11 వరకు చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే యాప్‌కు ఆ అనుమతి కావాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి ‘నియర్‌బై డివైజెస్’ అని విడిగా అనుమతి వచ్చింది, చాలావరకు అదొక్కటి ఇస్తే చాలు. తొడ కండరానికీ మీ కాంటాక్టులకూ ఏ సంబంధమూ లేదు, మైక్‌కూ లేదు, ఆ రెండూ నిరాకరించండి. అవి ఇస్తేనే తెరుచుకుంటానంటే ఆ యాప్ వద్దు. పెద్దవాళ్లకైతే అసలు యాప్ లేకుండా డయల్ ఉన్న మెషీన్ నయమని నా అభిప్రాయం. కాలు పట్టేసినప్పుడు ఫోన్ అన్‌లాక్ చేసి ఆపుకునే ఓపిక ఎవరికీ ఉండదు. ఛార్జింగ్‌లో ఉన్న మెషీన్‌ను మాత్రం ఒంటికి పెట్టొద్దు.

కాలును దానంతటదే వంచి చాపే సీపీఎం మెషీన్ అద్దెకు ఇస్తామంటున్నారు. తీసుకోవాలా? – జగిత్యాల

మామూలు కీలు మార్పిడికి అక్కర్లేదు. పైన చెప్పిన 2020 మార్గదర్శకాల్లోనే సీపీఎం వాడొద్దని ఉంది. అది కాలును వంచుతుంది గానీ కండరంతో పని చేయించదు. ఆ అద్దె డబ్బుతో ఫిజియోను వారానికి రెండుమూడు సార్లు ఇంటికి పిలిపించండి. మడమ జరిపే వ్యాయామం, కాలు నిటారుగా ఎత్తడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం దగ్గరుండి చేయిస్తారు. మీ సర్జన్ ప్రత్యేకమైన కారణంతో సీపీఎం రాసి ఉంటే అది వేరే సంగతి, ఎన్ని రోజులో ఆయన్నే అడిగి అంతవరకే అద్దెకు తీసుకోండి.