తాళి కట్టి ట్రైనింగ్‌కి వెళ్ళమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 20 ఏళ్ళు. మాది పలాస దగ్గర పల్లె. నాన్న లేరు. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసి నన్ను ఇంటర్ దాకా చదివించింది. అగ్నివీర్‌కి సెలెక్ట్ అయ్యాను, వచ్చే నెల వెళ్ళాలి. నాన్న వైద్యానికి మేనమామ 2 లక్షలు సర్దారు, వడ్డీ కూడా అడగలేదు. ఇప్పుడు వాళ్ళమ్మాయిని గుళ్ళో పెళ్ళి చేసుకుని వెళ్ళు, బయటికి చెప్పొద్దు అంటున్నారు. మరదలు డిగ్రీ చదువుతోంది. అమ్మ అన్నయ్యకి ఎదురు చెప్పలేకపోతోంది. అక్కడ కష్టమనిపిస్తే వచ్చేయొచ్చు కదా అని నన్నే సముదాయిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

బాబూ, మిగతా వాటికి టైముంది, పెళ్ళి సంగతికి లేదు, కాబట్టి ముందు అదే తేల్చేద్దాం. ఆ పెళ్ళి చేసుకోవద్దు. గుళ్ళోనైనా, ఇంట్లోనైనా, ఉత్త పసుపు తాడుతోనైనా సరే, వద్దు. అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ళ కోసం సైన్యంలో చేరేవాడికి పెళ్ళయి ఉండకూడదు, ఆ నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు. పెళ్ళి కాలేదని సర్పంచ్ సంతకంతో, నీ ఫొటోతో సర్టిఫికెట్ అడిగింది అందుకే. తాళి కట్టి వెళ్ళి, చేరే ఫారంలో కాలేదని రాస్తే, ఆర్మీ యాక్ట్ 1950 ప్రకారం తెలిసి అబద్ధం చెప్పినట్టు, ఐదేళ్ళ దాకా జైలు శిక్ష వేయొచ్చు. పైగా నీకింకా 21 నిండలేదు, చట్టం ప్రకారం పెళ్ళి వయసే రాలేదు. పల్లెటూళ్ళో పెళ్ళి దాగుతుందా చెప్పు. గుడి మెట్ల మీద ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌లో ఫొటో తీస్తారు, ఏడాది తర్వాత ఏదో గట్టు తగాదాలో అది బయటికొస్తుంది. ఉద్యోగం పోతుంది, నువ్వు ఇంటికి రావడం ఒక ఎత్తయితే, ఆ పిల్ల పరిస్థితి ఇంకో ఎత్తు. దేవుడు చల్లగా చూడాలి గానీ, నీకేమైనా అయితే ఏ కాగితంలోనూ పేరు లేని భార్యగా మిగిలేది ఆ అమ్మాయి. ఇంతకీ తననెవరైనా అడిగారా? నీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, మామయ్య మాట ఉంది, మరదలి మాట ఒక్కటీ లేదు.

మామయ్య మీద కోపం పెట్టుకోకు. కష్టకాలంలో వడ్డీ లేకుండా డబ్బిచ్చిన మనిషి. ఉద్యోగం వచ్చాక అల్లుడు చేజారిపోతాడేమోనని ఆయన భయం, ఆడపిల్ల తండ్రికి అది ఉండేదే. కానీ ఆయన ఇచ్చింది అప్పు, తీర్చాల్సింది డబ్బుతో. అప్పునీ పెళ్ళినీ నువ్వు విడదీయాలి, అదీ ఆయన ముందే, అమ్మ పక్కన ఉండగా. "మామయ్యా, ఈ డబ్బు ప్రతి నెలా పంపిస్తాను, పెళ్ళి మాట నేను తిరిగొచ్చాక తన ఇష్టం కూడా అడిగి మాట్లాడుకుందాం" అని చెప్పు. మాట తడబడినా ఫర్వాలేదు, చెప్పు.

మరి పంపగలవా అంటే, పంపగలవు. కాకపోతే లెక్క సరిగా తెలుసుకో, ఎందుకంటే ఊళ్ళో అందరూ నలభై వేలు, పన్నెండు లక్షలు అంటుంటారు. మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలు, అందులో 30 శాతం సేవానిధికి, అంటే నాలుగేళ్ళయ్యాక చేతికిచ్చే పొదుపు నిధికి పట్టుకుంటారు, చేతికొచ్చేది 21 వేలు. నాలుగో ఏడాదికి 40 వేలు అవుతుంది, చేతికి 28 వేలు. నువ్వు కట్టినంతా ప్రభుత్వం కూడా కలుపుతుంది, చివర్లో వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు. తిండి, బస అక్కడే కాబట్టి నెలకు 6 వేలు మామయ్యకు పంపినా మూడేళ్ళలోపే అప్పు తీరుతుంది. ఆ సేవానిధి డబ్బు మీద మాత్రం ఇప్పుడే ఎవరికీ మాటివ్వకు. నాలుగేళ్ళయ్యాక నూటికి పాతికమందికి మించి పర్మనెంట్ చేయరు. మిగిలినవాళ్ళకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. కేంద్ర బలగాల్లో కోటా ఉంది, వయసు సడలింపు ఉంది, కానీ వాటికీ పోటీ పడాల్సిందే. అందుకని వెళ్ళిన రోజు నుంచే డ్రైవింగో, రేడియోనో, ఏ పని నేర్పినా ఇంటికి తెచ్చుకునేంత నేర్చుకో, వీలు దొరికితే దూరవిద్యలో డిగ్రీ కట్టు.

ఇక అమ్మ మాట. వచ్చేయొచ్చు కదా అంటోంది, రాలేవు నాన్నా. ఒకసారి చేరాక మధ్యలో మానేస్తానంటే కుదరదు, తప్పనిసరి పరిస్థితి ఉండి పైఅధికారులు ఒప్పుకుంటేనే. అప్పుడు కూడా నువ్వు కట్టింది వడ్డీతో వస్తుంది, ప్రభుత్వం కలిపింది రాదు. చెప్పకుండా ఇంటికొచ్చేస్తే అది నేరం. ఏడాదికి సెలవు 30 రోజులు, అదీ వాళ్ళిచ్చినప్పుడు. అమ్మకు జ్వరమొచ్చిందని తెలిసి కూడా రాలేని రోజు ఒకటుంటుంది, ఇది ఆవిడకు వెళ్ళేముందే నీ నోటితో తెలియాలి.

మా తమ్ముడు మిలట్రీలో ఉండగా 1999 జూన్ ఆఖర్లో నా పెళ్ళి. సెలవు దొరికింది, టికెట్టు కూడా తీశాడు, అప్పటికే కార్గిల్ మొదలై సెలవులు రద్దు చేశారు. నా దోసిట్లో పేలాలు పోయాల్సిన చోట మా చిన్నాన్న కొడుకు నిలబడ్డాడు. అమ్మ మాత్రం పీటల దగ్గర్నుంచి వీధి గుమ్మం వైపే చూస్తూ ఉంది, పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ. మూడు వారాలకి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, అందులో సగం క్షమించమనే. వాడి తప్పేముంది అందులో! కానీ వెళ్ళేటప్పుడు "పెళ్ళికి ఎలాగైనా వచ్చేస్తానమ్మా" అని మాటిచ్చి వెళ్ళాడు, ఆవిడను ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే. నువ్వు అలాంటి మాటివ్వకు.

ఇన్ని చెప్పానని భయపడకు. పరిగెత్తావు, పుల్‌అప్స్ తీశావు, పరీక్ష రాసి నెగ్గావు, అది ఊరికే రాలేదు. కానీ మామయ్య నుంచి తప్పించుకోవడానికో, అప్పు తొందరకో మాత్రమే వెళ్తున్నానని లోపల అనిపిస్తుంటే ఇప్పుడే ఆగు, సంతకం పెట్టేదాకా నిర్ణయం నీదే. లేదు, నాకిది నిజంగా ఇష్టమే అనుకుంటే వెనక్కి చూడకుండా వెళ్ళు.

వెళ్ళే ముందు ఈ నెలలో చేయాల్సిన పని ఒకటుంది. అమ్మను బ్యాంకుకి తీసుకెళ్ళి తన పేరు మీద ఖాతా ఉందో లేదో చూడు, అక్కడ ఫారాల్లో నామినీ అడిగినప్పుడు ఆవిడ పేరే రాయి, నీ 48 లక్షల ఇన్సూరెన్సుకు కూడా. జీడి పిక్కల రసానికి వేళ్ళు నల్లబడి, గీతలు అరిగిపోయిన ఆడవాళ్ళ వేలిముద్ర మిషన్ మీద ఒక్కోసారి పడదు. అందుకని ఏటీఎం కార్డు తీయించి, నువ్వు పక్కన నిలబడి, ఆవిడ చేతే నాలుగైదుసార్లు డబ్బు తీయించు.